ఖాళీగా బిగించిన పట్టుంగరం

రామచంద్రపురం,
జయ నామ సంవత్సర ఆషాఢ బహుళ పంచమి.

చిరంజీవి తమ్ముడు అప్పాజీకి అక్క రామతులసి దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ బావ బెజ్జాల మిషను గురించి రాస్తున్నాను. ఆయన పోయి మూడేళ్లు కావస్తోంది. అది సావిట్లో ఈతచాప కప్పుకుని అలాగే నిలబడి ఉంది. నిన్న భోజనాల దగ్గర మా మరిది అచ్చిబాబు, "వదినగారూ, దసరా లోపు దాన్ని ముక్కలు చేసి కాలవలో కలిపేస్తానండి. అన్నయ్యని తిన్నదానికి ఇంట్లో చోటేంటండి" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆ సావిట్లోనే రోజంతా పని చేసుకోవాలి. వీపు వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఉంటుందట.

పారేయనీ. కాని అంతకు ముందు దాని పట్టుంగరం విప్పి లోపల చూడాలి. ఎందుకో నీకొక్కడికే చెప్తాను.

ఆ ఏడు నువ్వు మీ ధవళేశ్వరం కార్ఖానాలో దానికి కొత్త ఇత్తడి పట్టుంగరం చేసి తెచ్చావు. దాని పని నువ్వే నాకు చూపించావు. గిర్రున తిరిగే కదురు మూతిలో నాలుగు చీలికల ఉంగరం, ఉంగరంలో చెక్కను తొలిచే బిట్టు, కింద నుంచి నట్టు. నట్టు బిగిసేకొద్దీ చీలికలు దగ్గరై బిట్టును పట్టుకుంటాయి అన్నావు. విజయదశమి నాడు పనిముట్లన్నీ కడిగి పీట మీద పెట్టారు. రంపానికి, బాడిసకి, ఉలులకి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఆ ఉంగరానికి మాత్రం పైన రాసి ఊరుకోలేదు. కొత్తది, తమ్ముడు చేసింది అనే ముచ్చట కొద్దీ చీలికల్లో కూడా వేలితో పసుపు నింపాను.

మరునాడు ఏకాదశి, పని మొదలుపెట్టే రోజు. మీ బావ ఉంగరాన్ని తుడిచి ఎక్కించారో లేదో నేను చూడలేదు. కాలితో పలక తొక్కడం మొదలుపెట్టిన కాసేపటికే బిట్టు ఊడి వచ్చి ఆయన మెడ కింద దిగింది. తరవాత పదకొండు రోజులే ఉన్నారు.

ఎండిన పసుపు చీలికలను దగ్గరకు రానివ్వలేదేమో. మూడేళ్లుగా నా మనసులో ఉన్నది ఇదొక్కటే. అప్పటి నుంచి నా చేత్తో దేవుడికి దీపం పెట్టలేదు. పసుపు కుంకాలు పోయినందుకని అందరూ అనుకుంటున్నారు. దీపానికి అది అడ్డం కాదని వాళ్లకీ తెలుసు, అడగరు అంతే. తోడికోడలు వీరవేణి వెలిగిస్తుంది. నేను గుమ్మం ఇవతల నిలబడి దణ్ణం పెట్టుకుంటాను.

చీలికల్లో పసుపు ఉంటే ఈ చెయ్యి ఇంకెన్నడూ వత్తిని ముట్టదు. లేకపోతే ముడుతుంది. తెలియకుండా మాత్రం పోలేను. నట్టు ఎంతకీ కదలడం లేదు. ఎలా విప్పాలో రాయి.

రామతులసి


ధవళేశ్వరం,
ఆషాఢ బహుళ ద్వాదశి.

పూజ్యురాలైన అక్కగారికి తమ్ముడు అప్పాజీ నమస్కరించి వ్రాయు విన్నపం.

తమరి ఉత్తరం చేరింది. మీరు అనవసరంగా మనసు పాడుచేసుకుంటున్నారు. పసుపు అంత పని చేయదు. తొక్కుడు మిషను వేగంగా తిరిగేది, దాని దగ్గర ఎప్పుడేం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. బావగారి ఆయుష్షు అంతవరకే అనుకోవాలి.

అచ్చిబాబుగారు చెప్పినట్టు చేయడమే ఉత్తమం. ఆ నట్టు జోలికి పోవద్దు. మూడేళ్లు తుప్పు పట్టినదాన్ని విప్పబోతే చెయ్యి విరుగుతుంది. మీరు మునుపటిలా దీపం పెట్టుకోండి.

కార్ఖానాలో కాలవ లాకు తలుపుల పని తొందరగా ఉంది. అందువల్ల రాలేకపోతున్నాను.

విధేయుడు,
అప్పాజీ


రామచంద్రపురం,
శ్రావణ శుద్ధ సప్తమి.

తమ్ముడు అప్పాజీకి.

నన్ను మీరు అనడం ఎప్పుడు నేర్చుకున్నావు? నాన్న మనిద్దరినీ ఒకే పలక ముందు కూచోబెట్టి అక్షరాలు దిద్దించాడు. నా జడ పట్టుకుని లాగి, పలక నీవైపు తిప్పుకునేవాడివి. నీ ఉత్తరం చదువుతుంటే కచేరీ నుంచి వచ్చిన కాగితంలా ఉంది.

పసుపు అంత పని చేయదన్నావు. చేయదని నీకెలా తెలుసు? ఎప్పుడైనా విప్పి చూశావా? చూసిన మాటే అయితే రాయి, ఇప్పుడే నమ్ముతాను. ఊరికే ఓదార్చడానికి అయితే వద్దు.

మొన్న చాప తీయించాను. కదురు కింద నేల మీద గుప్పెడు పొట్టు ఉంది. వీరవేణి ఊడ్చింది. తెల్లారి చూస్తే మళ్లీ ఉంది. పైన వాసాలను పురుగు తొలుస్తోందని అచ్చిబాబు అన్నాడు. అయ్యుండవచ్చు. కాని చేతిలోకి తీసుకుని చూస్తే టేకు వాసన వేసింది. మన వాసాలు తాటివి. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక మిషను తొక్కుడు పలక ఒక్కసారి దిగి లేచిన చప్పుడు అవుతుంది. రెండోసారి అవదు. మీ బావ పనిలోకి దిగే ముందు అలాగే ఒక్కసారి తొక్కి చూసుకునేవారు.

అచ్చిబాబు పానా వేసి తిప్పబోయాడు. పానా జారి మణికట్టు వాచింది. వీరవేణి ఆముదం రాస్తుంటే, "ఇది మా అన్నయ్య బిగించిన నట్టు కాదండి వదినగారూ. ఆయన బిగించినవి నా చిటికెనవేలికి ఊడొచ్చేవి. దానికి రోజూ నన్ను తిట్టడం, బిగించేది ఆయనా, తిట్లు నాకూనూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని మళ్లీ దాని దగ్గరకు వెళ్లలేదు.

నాకేమనిపిస్తోందో చెప్పనా? లోపలి నుంచి ఆయనే పట్టుకున్నారు. నా తప్పు నా కంట పడకుండా ఆపుతున్నారు. బతికుండగా కూడా అంతే. కూరలో ఉప్పు ఎక్కువైతే మజ్జిగ పోసుకుని తినేవారు గాని చెప్పేవారు కాదు. కాని తమ్ముడూ, నేను చూడాలి. విప్పే పద్ధతి రాయి.

రామతులసి


ధవళేశ్వరం,
శ్రావణ బహుళ విదియ.

అక్కగారికి నమస్కారములు.

మీరు పట్టు వదలనంటున్నారు గనుక రాస్తున్నాను. నట్టు అంచు వెంట మూడు రోజులు కిరసనాయిలు చుక్కలు వేయించండి. నాలుగో రోజు వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, కొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టించండి. ఇనప సుత్తి తగలకూడదు. పైన కదురును ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టును కుడిచేతి వైపు తిప్పాలి. మూడుసార్లు చూసి రాకపోతే దైవసంకల్పమనుకుని వదిలేయండి.

నాకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. ఇక్కడ నలభై మిషన్లు ఒక్కసారి తిరుగుతుంటే వాటిలో ఒకటి జారుతున్నట్టు వినబడుతుంది. ఆపించి ఒక్కొక్కటీ చూస్తాను. ఏదీ జారదు. దొర నవ్వి, చెవులు కడుక్కోమన్నాడు.

విధేయుడు,
అప్పాజీ


రామచంద్రపురం,
భాద్రపద శుద్ధ ఏకాదశి.

అప్పాజీకి.

నువ్వు రాసినట్టే చేశాం. కిరసనాయిలు వేశాం. వేడి గుడ్డ చుట్టాం. పైన అచ్చిబాబు పట్టుకుంటే నేనే పానా పట్టి కుడివైపు లాగాను. వెంట్రుకంత కూడా రాలేదు. ఇక చేతకాదని కాలవగట్టు దగ్గరుండే ఏసుపాదాన్ని పిలిపించాను. నీకు తెలిసే ఉంటుంది, మీ కార్ఖానాలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన ముసలాయన.

అచ్చిబాబు గుమ్మంలో కాస్త తటపటాయించాడు. ఏసుపాదం కనిపెట్టి, "మిషనుకి మైల ఉండదండి అచ్చిబాబుగారూ. ఉంటే ధవళేశ్వరంలో ఒక్క మిషనూ తిరగదండి" అన్నాడు. అచ్చిబాబు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఏసుపాదం కిందకి వంగి దీపం దగ్గరగా పెట్టి చూశాడు. తరవాత నేను చేతిలో పట్టుకున్న నీ ఉత్తరం అడిగి చదివించుకున్నాడు.

"కుడికి తిప్పమని రాశారాండి? అప్పాజీగారేనా?"

"వాడే. ఏం?"

"కుడికి తిప్పితే బిగుస్తుందండి. నిన్నగాక మొన్న పనిలో చేరినోడికి కూడా తెలుసండి ఆ సంగతి."

పొరపాటున రాసి ఉంటాడన్నాను. ఏసుపాదం నన్ను కూడా వంగి చూడమన్నాడు. "అమ్మగారూ, ఉంగరంలో బిట్టు లేదు. చూశారా, ఖాళీ. బిట్టు లేకుండా నట్టు బిగించకూడదండి. లోపల పట్టుకోడానికేమీ లేక ఉంగరం నలిగి మూతిలో కూరుకుపోతుంది. మాకు మొట్టమొదట చెప్పేది అదేనండి. నట్టు మీద ఈ సొట్టలు చూడండి, మూడు. పానా పెట్టి దాని మీద సుత్తితో కొట్టారు. చేతి బిగింపు కాదిది. మీ అయ్యగారు వీరబ్రహ్మంగారికి దెబ్బ తగిలాక ఎవరో పని తెలిసినోళ్లే, మళ్లీ రాకూడదని బిగించారండి."

అచ్చిబాబు తను కాదన్నాడు. ఒట్టు వేయబోతే నేనే వద్దన్నాను. ఆ పదకొండు రోజుల్లో సావిట్లోకి వెళ్లిన పని తెలిసినవాడు ఇంకెవరు?

ఏసుపాదం ఎడమవైపు తిప్పి అప్పటికప్పుడే విప్పేస్తానన్నాడు. నేను ఆపాను. నీ ఉత్తరం వచ్చేదాకా విప్పించను. ఆ ఉంగరం చెప్పేలోపు నువ్వు చెప్పాలి.

అక్క


ధవళేశ్వరం,
భాద్రపద బహుళ అష్టమి.

అక్కా,

నేనే బిగించాను.

ఆ దసరాకి నీ ఇంటికి రావాలని తొందరలో ఉన్నాను. ఉంగరానికి బెజ్జం తొలవడానికి సరైన కొలత బరమా ఆ రోజు లాకుల పనికి పోయింది. మర్నాటి దాకా ఆగితే పడవ తప్పిపోతుంది. వెంట్రుకవాసి పెద్దదైన బరమాతో తొలిచేశాను. మీ ఇంటికి వచ్చి బిట్టు పెట్టి చూస్తే లోపల ఆడింది. తేయాకు పెట్టెలో వచ్చే పల్చటి రేకు ముక్క చుట్టి బిగించాను. పట్టుకుంది. "సరిపోయింది బావా" అన్నాను. కార్ఖానాలో నేర్చుకున్నవాణ్ణి గదా, ఆయన నా మాట మీద రెండోసారి చూడలేదు.

ఏకాదశి నాడు నువ్వు ఆయన తల ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూచున్నావు. నేను సావిట్లోకి వెళ్లాను. నలిగిన రేకు నట్టు అంచున వేలాడుతోంది. తీసి కాలవలో పారేశాను. ఉంగరం కూడా తీసేయాలని నట్టు వదులు చేస్తున్నాను. అంతలో అచ్చిబాబు వైద్యుణ్ణి తీసుకొస్తున్న అలికిడి అయింది. ఉంగరం నా చేతిలో కనబడుతుందని భయం. గబగబా ఖాళీదాని మీదే బిగించేశాను. పానా మీద మూడు దెబ్బలు కొట్టాను. ఇంకో బిట్టు పెట్టి చూసినవాడికి బెజ్జం పెద్దదని తెలిసిపోతుంది, అందుకు. ఆ ఏడుపుల్లో చప్పుడు ఎవరికీ వినబడలేదు. నాకు మాత్రం ఇవాళ్టికీ వినబడుతోంది.

పదకొండు రోజులు ఆయన మంచం పక్కనే ఉన్నాను. రోజూ చెబుదామనుకున్నాను. నాలుగో రోజున ఆయనే, "ఉంగరం బాగానే చేశావురా అప్పాజీ. బిట్టే అరిగిపోయింది" అన్నారు. తెలిసి అన్నారో, తెలియక అన్నారో, జ్వరంలో అన్నారో నాకు తెలియదు. నా కళ్లలోకి చూసి అన్నారు. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్లూ తప్పించుకున్నాను.

నీ పసుపు సంగతి ఆషాఢంలో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదక్కా. తెలిసిన రోజునే పడవెక్కి రావలసింది. నువ్వు గుమ్మం ఇవతల నిలబడుతున్నావని చదివాక కూడా నీకు మీరు అని రాశాను. కుడివైపు అని రాసింది పొరపాటు కాదు. మూడుసార్లు లాగి వదిలేస్తావనుకున్నాను.

నీ చెయ్యి ఏ పాపం చేయలేదు. ఇదంతా నాది. దీపం పెట్టుకో. నా మొహం చూడనంటే చూడొద్దు.

అప్పాజీ


ధవళేశ్వరం,
ఆశ్వయుజ బహుళ చవితి.

అక్కా,

దసరా వెళ్లిపోయింది. నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. మిషను కాలవలో కలిపేశారా? ఈ ఏడు మా ఇంట్లో పనిముట్లకి పూజ జరుగుతుంటే నేను వీధిలోకి వెళ్లి కూచున్నాను. నీ మరదలు ఏమైందని అడుగుతోంది. ఏమని చెప్పను? తిట్టయినా ఒక ముక్క రాయి.

అప్పాజీ


రామచంద్రపురం,
కార్తీక శుద్ధ పంచమి.

అప్పాజీకి.

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి వారం రోజులు నీ పేరు తలుచుకోలేకపోయాను. తలుచుకుంటే జడ లాగిన పిల్లవాడు ముందొచ్చేవాడు, వాడి వెనకనే పానా మీద మూడు దెబ్బలు. రెండూ ఒక్కడివేనని నమ్మడానికి నాకు అన్నాళ్లు పట్టింది. నీకు కోపంగా రాయాలని రెండుసార్లు కూచున్నాను. కాగితం చింపేశాను.

మిషనుని కాలవలో కలపలేదు. దసరా నాలుగు రోజులుందనగా విప్పించాను. నీ ఉత్తరం సంగతి అచ్చిబాబుకి గాని ఏసుపాదానికి గాని చెప్పలేదు. ఏసుపాదం పైన కదురును పట్టుకున్నాడు. పానా నేనే పట్టుకుని ఎడమవైపు లాగాను. నట్టు ఒక్కసారిగా వదిలింది. చుట్టు తిరిగిందో లేదో మళ్లీ బిగుసుకుపోయింది. ఎవరో అవతల నుంచి తిరిగి పట్టుకున్నట్టే ఉంది. వదిలేయబోయాను.

"ఆగకండమ్మగారూ. ఇది రెండుసార్లు పట్టుకుంటుందండి. మొదట నట్టు వదులుతుంది. తరవాత నట్టు అంచు ఉంగరాన్ని పట్టి లాగుతుంది. ఇప్పుడు లాగేది ఉంగరాన్నండి" అన్నాడు ఏసుపాదం.

లాగాను. టక్కుమని ఊడి నా అరచేతిలో పడింది. మూడేళ్లుగా నన్ను భయపెట్టింది చింతగింజ కంటే కాస్త పెద్దది.

ఏసుపాదం బిట్టు తెచ్చి బెజ్జంలో పెట్టి ఆడించి చూశాడు. వెంటనే అతనికి తెలిసిపోయింది. ఉంగరాన్ని మళ్లీ నా చేతిలో పెట్టేశాడు. నువ్వు రాసింది నిజం. బెజ్జం పెద్దదే.

ఇంకొకటి ఉంది. ఇది నీకు రాయకపోతే ఎవరికీ తెలియదు. చింతపండు రసంలో నానేసి, వేపపుల్లతో చీలికలు గీరాను. మూడు చీలికల్లో కిరసనాయిలు మసి తప్ప ఏమీ లేదు. నాలుగోదాంట్లో పుల్ల ఆగింది. గట్టిగా గీరితే పచ్చగా రాలింది. రాయిలా అయిపోయింది. నలిపి వాసన చూశాను. పసుపే.

ఏసుపాదాన్ని అడిగాను, ఇది ఉంటే ఉంగరం పట్టకుండా పోతుందా అని. అతను అబద్ధమాడి ఉంటే నేను సుఖపడేదాన్ని. "పోవచ్చండి. పోకపోవచ్చండి. బెజ్జం పెద్దదైతే చాలు, ఇది చాలు, బిట్టు అరిగినా చాలు. మూడూ కలిస్తే ఏది ముందో ఆ దేవుడే చెప్పాలండి. నా నలభై ఏళ్ల పని చెప్పలేదు" అన్నాడు.

ఇదంతా నాది, నీ చెయ్యి ఏ పాపం చేయలేదు అని రాశావు. ఆ మాట ఉంచేసుకుని, ఈ పచ్చపొడి సంగతి మింగేసి, అదే రోజు దీపం పెట్టుకోవచ్చు. పెట్టుకుందామనే కూచున్నాను కూడా. వత్తి చేశాను. నూనె పోయబోతుంటే, ఇప్పుడు నేను చేస్తున్నది సావిట్లో నువ్వు చేసిన పనేనని తోచింది. గిన్నె కింద పెట్టేశాను.

పసుపు ఉంటే ఈ చెయ్యి ఇంకెన్నడూ వత్తిని ముట్టదని ఆషాఢంలో రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట అనుకున్నప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. నన్ను గుమ్మం ఇవతల నిలబెట్టింది పసుపు కాదు. మూడేళ్లుగా వీరవేణి నా కోసం దీపం పెడుతోంది, అచ్చిబాబు దయ్యం దయ్యమని ఆ మిషను పక్కనే పని చేస్తున్నాడు. పోయింది అతని అన్నయ్య. ఎలా పోయారో నాకు అనుమానం ఉండి చెప్పలేదు, నీకు తెలిసి చెప్పలేదు.

పొట్టు ఇంకా పడుతోంది. అది ఏ పురుగో, ఏ చెక్కదో ఇప్పుడు అడగడం మానేశాను. రోజూ నేనే ఊడుస్తున్నాను. పలక చప్పుడు కూడా ఆగలేదు. ఆయన ఇంకా దేనికో ఎదురు చూస్తున్నారు.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. పోతుందో లేదో నాకు తెలియదు. అయినా నువ్వు రావాలి. పౌర్ణమి ముందు రోజుకి పడవెక్కు. మరదలికి విషయం చెప్పి మరీ రా. దారిలో ఎవరింట్లోనూ ఆగకు, ఆగితే నువ్వు వెనక్కి వెళ్లిపోతావు, నాకు తెలుసు.

అచ్చిబాబునీ వీరవేణినీ సావిట్లో కూచోబెడతాను. ముందు నేను చెప్తాను. తరవాత నువ్వు చెప్పు, రేకు దగ్గర నుంచి కుడివైపు దాకా, ఏదీ వదలకుండా. విన్నాక వాళ్లు నన్ను దీపం పెట్టమంటే ఆ పౌర్ణమికే పెడతాను. వద్దంటే గుమ్మం ఇవతలే ఉంటాను. నువ్వూ వచ్చి నా పక్కన నిలబడు.

అక్క